లాకుల దగ్గర ఆగిన బంతి

మొన్న పటమట నుంచి సిటీ బస్సులో వస్తుంటే, బందరు కాలువలో గుర్రపుడెక్క మధ్య ఒక బంతి ఇరుక్కుని కనిపించింది. ఎర్రది, ప్లాస్టిక్కుది, పిల్లలు ఆడుకునేది. బస్సు ట్రాఫిక్కులో ఆగి ఉంది. నా పక్కన కూర్చున్నాయన కూడా చూసి, "ఎవరిదో పాపం" అని మళ్లీ ఫోన్లో తల పెట్టేశాడు. నాకు మాత్రం ఇంకాసేపట్లో ఎవరో పొడుగాటి వెదురు గడతో దాన్ని ఒడ్డుకి లాక్కుంటారనీ, భుజం మీది తువ్వాలుతో తుడుస్తారనీ అనిపించింది. ఆ పని చేసే మనిషి పోయి దాదాపు యాభై ఏళ్లు. అయినా బస్సు కదిలేదాకా కాలువ వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆయన పేరు నాకు తెలియదు. నాలుగేళ్లు ఆయన పెట్టిన టీ తాగి పేరు అడగలేదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కాలువలో నీళ్లనీ పడవల్నీ వదలడానికి లాకు తలుపులు తీసి, మూసే ఉద్యోగిని మా వైపు లస్కరు అంటారు. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. నేను బాబాయ్ అనేవాణ్ని.

డెబ్భైల్లో మాట. నేను బెజవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు గుమాస్తాని. పటమటలో అద్దె గది. ఊళ్లో నాకు తెలిసినవాళ్లంటే మెస్సు నడిపే ఆవిడా, నా సైకిలూ. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక కాలువ గట్టు మీద తిరుగుతుంటే, పోరంబోకు స్థలంలో కొందరు ఫుట్‌బాల్ ఆడుతూ కనిపించారు. ఒక మిషన్ స్కూల్లో పనిచేసే డ్రిల్లు మాస్టారు పోగుచేసిన టీము అది. లేతు మిషను పనివాళ్లు నలుగురైదుగురు, ఇద్దరు టైపిస్టులు, ఒక కంపౌండరు. నేనూ ఆడతానంటే మాస్టారు నన్ను పరిగెత్తించి చూశారు, బంతి తన్నించి చూశారు, పెదవి విరిచారు. ఆ తర్వాత తుమ్మచెట్టుకి ఆనించి ఉన్న నా సైకిలు చూశారు.

"ఆ సైకిలు మీదేనా?"

"నాదేనండీ."

"అయితే రేపట్నుంచి వచ్చెయ్యండి."

సంగతేమిటో మర్నాడే బోధపడింది. మా గ్రౌండుకి ఒక వైపు రోడ్డు, ఇంకో వైపు కాలువ. నేలంతా కాలువ వైపుకే వాలు. రోడ్డు వైపు తన్నిన బంతి కూడా కాసేపు ఆలోచించుకుని కాలువ వైపు దొర్లేది. "పోయిందోయ్!" అని ఒక కేక వినిపించేది. పదిమందీ తలలు తిప్పి నా వంక చూసేవాళ్లు. నేను సైకిలెక్కి, నీళ్లలో పోతున్న బంతి పక్కనే గట్టు మీద తొక్కుకుంటూ పోయేవాణ్ని. శ్రావణ భాద్రపదాల్లో కాలువ నిండుగా పారేటప్పుడు బంతే ముందుండేది. మైలున్నర దిగువన లాకులు. అక్కడ తప్ప అది ఆగేది కాదు. పేరుకి లెఫ్ట్ బ్యాక్‌ని గానీ, నా ఆటంతా గట్టు మీదే సాగింది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన లాకు పక్కన రాతి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, చొక్కాకి ఇత్తడి బిళ్ల, కింద గళ్ల లుంగీ. నడుం పైన ప్రభుత్వం, నడుం కింద సొంతం. ఒళ్లో మా బంతి.

"ఇది మీదేనాండీ?"

"మాదేనండీ."

"అయితే కూర్చోండి. టీ మరుగుతోంది."

నేను ఆట ఆగిపోయిందనీ, వాళ్లంతా ఎదురుచూస్తుంటారనీ చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. గాజు గ్లాసులు రెండున్నాయి. ఒకటి పొడిగా ఉంది. రెండోది అప్పుడే కడిగి బోర్లించినట్టు తడిగా ఉంది. ఆ తడి సంగతి తర్వాత్తర్వాత తెలిసింది. ఎగువన వంపు తిరిగేచోట బంతి తేలుతూ కనబడగానే ఆయన చేసే మొదటి పని గడ అందుకోవడం కాదు, రెండో గ్లాసు కడగడం.

టీ అయ్యాక బంతిని తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు. చేతులు చాపాను. ఇవ్వలేదు. వంగి, నా కాళ్ల ముందు నేల మీద పెట్టాడు.

"చేతికి చేతికీ ఇవ్వకూడదు బాబూ. ఉప్పు ఇస్తామా? నూనె, నువ్వులు ఇస్తామా? తగువులొస్తాయి. నీళ్లలోంచి తీసిందీ అంతేనండీ."

ఉప్పూ నూనే సంగతి మా అమ్మమ్మ కూడా చెప్పేది. కాలువలో దొరికిన బంతికి కూడా ఆ పట్టింపు ఉందని ఆయన దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆయన బంతి నా చేతికివ్వలేదు.

లాకు పక్కన ఆయనకి ఒక గది. గోడ నిండా మేకులు, మేకుకొక వస్తువు. ఒంటి చెప్పు, చిన్నపిల్ల గౌను, విరిగిన తెడ్డు, చిల్లు పడిన చెంబు, ఒక గొడుగు. అన్నీ నీళ్లు తెచ్చినవే.

"ఇవన్నీ ఎవరివి బాబాయ్?"

"అడగడానికి వచ్చినవాళ్లవి."

"వాళ్లదేనని ఎలా తెలుస్తుంది?"

"తనది కాకపోతే ఇంత దూరం ఎవరొస్తారండీ?"

"మరి ఎవరైనా వచ్చారా?"

"మీరొచ్చారుగా" అన్నాడు, గ్లాసులో ఇంకాస్త టీ పోస్తూ.

ఆయన జీవితంలో ఫుట్‌బాల్ మ్యాచి చూడలేదు. కాలువలో నీళ్లున్నన్నాళ్లూ లాకు వదిలి వెళ్లడానికి లేదు. అప్పటికే పడవలు బాగా తగ్గిపోయాయి. లారీలు వచ్చాక కాలువ మీద సరుకు వేసేవాళ్లు ఎవరు? రోజుకి ఒకటో రెండో పడవలొస్తే గొప్ప. వచ్చినా పడవవాళ్లు తలుపులు తీయించుకుని పోవడమే గానీ, దిగి కూర్చునే తీరిక వాళ్లకెక్కడిది? కాబట్టి ఆట సంగతంతా నేనే చెప్పాలి. ఎవరు తన్నారు, ఎందుకు తన్నారు, కాలువలో ఎలా పడింది, పడకపోతే ఏమయ్యేది. నేను చెప్పే కథల్లో తన్నేది ఎప్పుడూ నేనే. నా జన్మలో నేను వేసిన గోల్సన్నీ ఆ రాతి మెట్టు మీద వేసినవే. ఆయన కళ్లు పెద్దవి చేసుకుని వినేవాడు. ఒకరోజు మాత్రం ఉన్నట్టుండి అడిగాడు.

"ఇంత బాగా ఆడతారు గదా, మరి బంతి కోసం మిమ్మల్నే ఎందుకు పంపుతారు బాబూ?"

"సైకిలు నాది బాబాయ్" అన్నాను. ఆయన సమాధానపడ్డట్టు తలూపాడు. నాకే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంకోసారి గాలివానకి ఆట లేదు. మర్నాడు బంతి కోసం వెళితే ఆయన ముభావంగా ఉన్నాడు. మేకుల కింద నేల మీద ఒక తాటికాయ ఉంది.

"నిన్న ఇది వచ్చిందండీ. మసక వెలుతురు, నల్లగా గుండ్రంగా కనబడింది. మీ బంతేననుకుని గ్లాసు కడిగి టీ పెట్టేశాను. చూస్తే తాటికాయ."

"అయ్యో. మరి టీ?"

"రెండు గ్లాసులూ నేనే తాగాను. తెల్లార్లూ నిద్ర పట్టలేదు."

అక్కడా నవ్వాను, గ్రౌండుకి వెళ్లి అందరికీ చెప్పి నవ్వించాను. తాటికాయకి టీ ఇచ్చిన లస్కరు అని మా టీములో ఆర్నెల్లు చెప్పుకున్నారు. వాన కురుస్తుంటే ఒక మనిషి రెండు గ్లాసుల ముందు కూర్చుని గట్టు వైపు చూడటం అప్పట్లో నా ఊహకి రాలేదు. ఇప్పుడు వస్తోంది.

వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్లోనో మేలోనో నీళ్లు ఆపేస్తే మళ్లీ జూన్లో వదిలేదాకా అడుగున బురదా, ఆ తర్వాత బీటలూ. పడవలు లేవు, బంతీ రాదు. అది బురదలో పడి మా ఎదురుగానే ఉండేది. ఎవరో ఒకరు దిగి తెచ్చుకునేవాళ్లు. నా సైకిలుకి సెలవు. ఆ రెండు నెలలూ నేను లాకుల వైపు వెళ్లేవాణ్నే కాదు. ఆయన ఏం చేస్తుంటాడని కూడా ఆలోచించలేదు.

నాలుగో ఏడు మే నెలలో కొండపల్లి టీముతో మ్యాచి ఒప్పుకున్నాం. గెలిచినవాళ్లు బందరులో జరిగే పోటీలకి వెళ్లాలి. మ్యాచి రెండు రోజులుందనగా మా గోల్‌కీపరు కంపౌండరుకి గవదబిళ్లలొచ్చాయి. ముఖం బంతి కంటే పెద్దదైంది. మాస్టారు తల పట్టుకున్నారు. అప్పుడు నేనే అన్నాను, లస్కరు గారున్నారండీ, వేసవి కాబట్టి ఖాళీగా ఉంటారు, కాలువలో మన బంతి ఒక్కటీ ఆయన చెయ్యి దాటిపోలేదు అని. మాస్టారు ఇంకో దారి లేక సరేనన్నారు.

చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "నేను ఆడొచ్చాండీ?" అని మూడుసార్లు అడిగాడు. మ్యాచి రోజున తీసుకురావడానికి వెళితే, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, తళతళలాడే బిళ్ల, ఎవరి దగ్గర అడిగి తెచ్చుకున్నాడో ఖాకీ నిక్కరు, భుజాన తువ్వాలు. సైకిలు వెనక కూర్చోబెట్టుకున్నాను. సగం దారిలో నా నడుం పట్టుకుని అడిగాడు.

"నన్ను చూసి నవ్వరు గదా బాబూ?"

"నేనున్నాగా బాబాయ్" అన్నాను.

కొండపల్లివాళ్లు లారీలో దిగారు. ఇద్దరు ముగ్గురు బొమ్మలు చెక్కేవాళ్లు, మిగతావాళ్లు థర్మల్ స్టేషను కట్టడంలో పనిచేసేవాళ్లు, ఒక్కొక్కడూ ఇనుప దూలంలా ఉన్నాడు. గట్టు మీద రెండొందల మంది దాకా జనం. మొదటి బంతి వచ్చింది. ఆయన దాని మీదకి ఎగరలేదు, దూకలేదు. కాలువ ఒడ్డున కూర్చున్నట్టు గొంతుక్కూర్చుని రెండు చేతుల్తో అందుకున్నాడు. తువ్వాలు తీసి తుడిచాడు. కింద పెట్టాడు. మావాళ్లు వచ్చి తన్నుకుపోయారు. గట్టంతా ఈలలు, చప్పట్లు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తుడవడానికి ఎక్కువసేపు తీసుకుంటున్నాడని రిఫరీ ఒకసారి ఈల వేసి మందలించాడు. ఆయన రిఫరీకి నమస్కారం పెట్టి, ఇంకాస్త తొందరగా తుడవడం మొదలెట్టాడు. "దేవుడు పంపించిన మనిషయ్యా!" అన్నారు మాస్టారు నా భుజం తట్టి. నేను కనిపెట్టిన మనిషి అన్నంత గర్వంగా ఉంది నాకు.

ఇంకో అయిదు నిమిషాలుందనగా రెండు వైపులా గోల్ లేదు. మావాళ్లంతా అవతలి గోల్ దగ్గర మూగారు. నేను కూడా, ఎప్పుడూ లేనిది, ముందుకి వెళ్లాను. బంతి ఒక్కసారిగా వెనక్కి వచ్చింది. కొండపల్లి పొడుగుమనిషి ఒకడు దాన్ని తరుముకుంటూ గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి బలంగా తన్నాడు. లస్కరు పట్టేసుకున్నాడు. గట్టు మీద జనం లేచి నిలబడ్డారు. ఆ పొడుగుమనిషి వేగం ఆపుకోలేక సరిగ్గా ఆయన ముందుకొచ్చి ఆగాడు. మోకాళ్ల మీద చేతులాన్చి రొప్పుతూ, ఆటపట్టించడానికి అన్నాడు.

"ఏదీ, ఇలా ఇచ్చెయ్యండి బాబాయ్."

ఆయన వాడి వంక చూశాడు. బంతిని తువ్వాలుతో తుడిచాడు. వంగి, వాడి కాళ్ల ముందు పెట్టాడు.

వాడు నమ్మలేకపోయాడు. రిఫరీ వైపు చూశాడు, బంతి వైపు చూశాడు. "నిజంగానేనా?" అన్నాడు.

"తీసుకోండి" అన్నాడు ఆయన.

వాడు మెల్లగా, పాదం పక్కతో, పసిపిల్లాణ్ని లోపలికి పంపినట్టు పంపాడు. రిఫరీ ఈల వేశాడు. తర్వాత గట్టు గట్టంతా నవ్వింది. కొండపల్లివాళ్లు నేల మీద పడి దొర్లారు. మాస్టారు ఎర్రబడ్డ ముఖంతో వచ్చారు.

"ఏంటయ్యా నువ్వు చేసిన పని? అవతలి టీమువాడికి ఇస్తావా?"

"అడిగాడండీ."

"అడిగితే ఇచ్చేస్తావా?"

"అక్కణ్నుంచి పరిగెత్తుకొచ్చాడు గదండీ. ఆయాసపడుతున్నాడు."

ఆ మాటతో మా టీము కూడా నవ్వేసింది. ఆయన అందరి ముఖాల్లోకీ చూసి, చివరికి నన్ను వెతుక్కున్నాడు. నేనూ నవ్వుతున్నాను. కడుపు పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నాను. "ఈయన్ని ఎవడు తెమ్మన్నాడు అసలు?" అని మాస్టారు అరిస్తే, "ఆడతానని ఒకటే సరదా పడ్డారండీ, తీసుకొచ్చాను" అన్నాను. ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నాడు.

ఆట అయ్యాక ఆయన తుమ్మచెట్టు కింద నా సైకిలు దగ్గర, క్యారియరు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. మావాళ్లంతా హోటలుకి బయల్దేరారు. ఆయన్ని ఎక్కించుకుని వాళ్ల ముందు నుంచి తొక్కుకుంటూ పోవాలంటే నాకు చిన్నతనంగా అనిపించింది. "మీరు నడుస్తూ ఉండండి బాబాయ్, వెనకే వచ్చి ఎక్కించుకుంటా" అన్నాను. ఆయన సరేనని నడిచాడు. ఎండిన కాలువ పక్కన గట్టు మీద వెళుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నేను వెళ్లలేదు.

జూన్లో నీళ్లు వదిలారు. ఈలోగా మాస్టారు కొత్త బంతి కొన్నారు. అది తడిస్తే కుట్లు పోతాయని గ్రౌండుకి కాలువ వైపంతా వెదురు తడికలు కట్టించారు. ఇక బంతి కాలువలో పడేది కాదు. నా సైకిలు తుమ్మచెట్టుకే ఆని ఉండేది. అందరూ సంతోషించారు. లాకుల దగ్గరికి వెళ్లే పని లేకుండా పోయిందని నేను కూడా లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. ఆ పెద్దాయన ముఖం చూడనక్కర్లేదు. ఎప్పుడో ఒకరోజు ఉత్తినే వెళ్లి కూర్చుని రావచ్చు గదా అని మనసు పీకేది. ఏ పనీ లేకుండా వెళ్లి ఏమని చెప్పాలో తెలిసేది కాదు.

ఆగస్టులో ఒక సాయంత్రం, పాత బంతితో ప్రాక్టీసు చేస్తుంటే ఎవరో తన్నింది తడికల మీద నుంచి ఎగిరి కాలువలో పడింది. "పోయిందోయ్!" పాత అలవాటు కొద్దీ పదిమందీ నా వంక చూశారు. నేను సైకిలు దాకా వెళ్లాను. స్టాండు తీశాను కూడా. "పోనీలెండి, అది పాతదేగా, కొత్తది తీద్దాం" అన్నారు మాస్టారు. నేను స్టాండు మళ్లీ వేసేశాను.

ఆ రోజు ఆటలో నేనేం చేశానో గుర్తులేదు. బంతి ఇప్పుడు వంపు తిరిగి ఉంటుంది, ఆయన ఇప్పుడు గ్లాసు కడుగుతుంటాడు, ఇప్పుడు టీ మరుగుతుంటుంది అని లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. ఇది తాటికాయ కాదు, నిజం బంతే. అయినా ఎవరూ రారు. అంతా తెలిసి కూడా వెళ్లలేదు. మర్నాడు వెళదామనుకున్నాను. మర్నాడు వెళితే నిన్నెందుకు రాలేదని అడుగుతాడేమోనని మానేశాను. అలా వారం, నెల. ఆలస్యమైన కొద్దీ మైలున్నర దూరం పెరుగుతూ పోయింది.

మరుసటి ఏడు జూన్లో నాకు గుడివాడకి బదిలీ అయింది. సామానంతా సర్దేశాక, ఇక తప్పదనిపించి సైకిలెక్కాను. కాలువలో కొత్త నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. వెనకే వస్తానన్న మాటకి ఏడాది దాటాక, క్షమించండి బాబాయ్ అని ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వెళ్లాను.

రాతి మెట్టు మీద వేరే ఆయన కూర్చుని ఉన్నాడు. నడివయసువాడు, అదే ఖాకీ చొక్కా.

"పాత లస్కరు గారు లేరాండీ?"

"పోయాడండీ. ఈ వేసవిలోనే, కాలువ కట్టేసిన రోజుల్లో. పడవలు లేవు, ఈ పక్కకి వచ్చే మనిషి లేడు. రెండు రోజుల దాకా ఎవరికీ తెలీలేదు." ఆయన నా సైకిలు వైపు తేరిపార చూశాడు. "తమరు పటమట నుంచా?"

"అవునండీ."

ఆయన లేచి గదిలోకి వెళ్లాడు. తలుపులోంచి గోడ కనిపిస్తోంది. చెప్పు, గౌను, తెడ్డు, గొడుగు అన్నీ మేకులకి అలాగే ఉన్నాయి. గాలి పోయి సగానికి సగం చొట్టపడిన మా పాత బంతి పట్టుకుని వచ్చాడు. దాని మీద ఒక్క మరక లేదు.

"జూన్ నుంచి ఈ చార్జి నాదని, కట్టేసే ముందు వారం చూసిపోవడానికి వచ్చినప్పుడు చెప్పాడండీ. దీని కోసం సైకిలు మీద ఒకాయన వస్తాడు, తప్పకుండా వస్తాడు, ఇచ్చెయ్యి అని. కానీ ఒకటి చెప్పాడు." ఆయన కొంచెం మొహమాటంగా నవ్వాడు. "అడిగాడు గదా అని ఇచ్చెయ్యకు, ముందు ఏ టీమో కనుక్కుని మరీ ఇవ్వు అన్నాడు. ఎందుకో నాకు తెలీదు. ఏ టీమండీ మీది?"

నేను సైకిలుకి స్టాండు వేశాను. నా ముఖంలో ఏం కనబడిందో, ఇంక అడగకుండా బంతిని నా చేతికివ్వబోయాడు.

"కింద పెట్టండి" అన్నాను.